బోరుబండికి నేను చూపించిన దారి

ఆ రోజుల్లో నాకు కారు లేదు, కంప్యూటర్ లేదు, సరిగ్గా నడిచే సైకిల్ కూడా లేదు. అభిప్రాయాలు మాత్రం ఇల్లు పట్టనన్ని ఉండేవి. ఏ కారు ఇంజను మంచిదో, ఏ జీపు గుట్ట ఎక్కుతుందో, దేని గేర్లు మూడేళ్లకే మొరాయిస్తాయో నల్లగొండ బస్టాండు ముందు చాయ్ తాగుతూ గంటలకొద్దీ చెప్పేవాడిని. (అప్పటికి నేను స్టీరింగు పట్టుకున్నది ఒక్కసారే, అదీ ఆగి ఉన్న ట్రాక్టరుది.) రేపో మాపో ఇంటింటికీ కంప్యూటర్ వస్తుందని, పిల్లలు గోలీలు పక్కన పెట్టి తెర మీద ఆటలు ఆడతారని చెబితే దోస్తులు పడీపడీ నవ్వేవాళ్లు. ఆ ఒక్క మాటలో నేనే గెలిచాను. మిగతా తెలివి ఎంతటిదో మా మేనమామ బత్తాయి తోటకు బాగా తెలుసు.

తొంభైల మొదట్లో డిగ్రీ పూర్తిచేసి, ఏ ఉద్యోగమూ దొరక్క, టౌనులో ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో పెట్టిన కంప్యూటర్ సెంటర్లో చేరాను. చెప్పులు బయట విడవాలి, కాళ్లు తుడుచుకోవాలి, తుమ్మొస్తే బయటికి పరుగెత్తాలి. గుళ్లో దేవుడి ముందు కూడా మేం అంత పద్ధతిగా ఉండి ఎరగం. ఇరవై మందికి నాలుగు కంప్యూటర్లు, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు, మనిషికి రోజుకు ఒక గంట. సారు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోగానే ఎవరో హైదరాబాదు నుంచి తెచ్చిన ఫ్లాపీ బయటికి వచ్చేది. అందులో ఒక ఆట. చిన్న బండి ఒకటి పైనుంచి భూమిని తవ్వుకుంటూ కిందికి పోతుంది, దారిలో రత్నాలు ఏరుకుంటుంది, రాక్షసులకు దొరక్కుండా తప్పించుకుంటుంది. ఆ ఆటలో సెంటరు మొత్తానికి నేనే మొనగాణ్ణి. మా బాపు కట్టిన ఫీజులో ముప్పాతిక వంతు ఆ బండి తవ్విన సొరంగాల్లోకే పోయిందంటే అబద్ధం కాదు.

అలా ఒక మధ్యాహ్నం నేను భూమిలో బాగా లోతుకు దిగి ఉండగా వెనకనుంచి, "గిదేంది అల్లుడా, బోరుబండి లెక్కున్నది?" అని వినిపించింది. తిరిగి చూస్తే మా మామ. రామన్నపేట పక్క ఊరు ఆయనది. కాలిపోయిన మోటారును రిపేరుకు టౌనుకు తెచ్చి, పనిలో పనిగా నన్ను చూసిపోదామని వచ్చాడు. ఫీజు కట్టించుకుని ఆటలాడుతున్నానని బాపుకు తెలిస్తే నా వీపు విమానం మోత మోగుతుంది. భయంలో నోటికి ఏదొస్తే అది అనేశాను.

"భూమి లోపల ఏమున్నదో చూస్తది మామా."

మామ తెరకు దగ్గరగా వంగాడు. రత్నాలు తళుక్కుమంటున్నాయి. "నీళ్లు గూడ చూస్తదా?"

"ఎందుకు చూడదు" అన్నాను. నా జీవితంలో అంత తేలిగ్గా అని, అంత బరువు మోసిన మాట ఇంకోటి లేదు.

మామకు ఏడేళ్ల బత్తాయి తోట ఉండేది. అప్పుడప్పుడే కాపుకు వస్తోంది. నీళ్ల కోసం అప్పటికే నాలుగు బోర్లు వేశాడు, నాలుగింటిలోనూ దుమ్మే లేచింది. ఉన్న బావి మాఘమాసానికే అడుగంటింది. ఆ ఎండాకాలం నీళ్లు పడకపోతే తోట కొట్టేసి కట్టెలు అమ్ముకోవడమే. ఇంకో బోరంటే మెడలో గొలుసు ఇవ్వనని, ఇక ఆ మాటెత్తితే తల్లిగారింటికి పోతానని అత్త ఒట్టు పెట్టుకుంది. ఈ సంగతులేవీ నాకు అప్పటికి తెలియవు. వారం తిరక్కుండా మామ మళ్లీ వచ్చాడు. చేతిలో ఒక పాత పెండ్లిపత్రిక, దాని వెనక తోట నాలుగు పక్కల కొలతలు అడుగుల్లెక్కన రాసి ఉన్నాయి.

"మీ అత్త గొలుసు తీసిచ్చింది అల్లుడా. 'కొబ్బరికాయ పట్టి చెప్తె ఇయ్య, మన పిలగాడు కంప్యూటర్ల జూసి చెప్తె ఇస్త' అన్నది. బోరుబండికి గూడ చెప్పొచ్చిన, ఆదివారం వస్తది. జర మంచిగ జూడు" అన్నాడు.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. నవ్వు మొహం పెట్టి కూర్చున్నాను. అప్పుడే నేర్చుకున్న నాలుగు ముక్కల ప్రోగ్రాం పరిజ్ఞానంతో తెర మీద తోట గీశాను. దాంట్లో ఎక్కడో ఒకచోట గుడ్డిగా ఇంటూ గుర్తు పెట్టమని కంప్యూటర్‌కు చెప్పాను. అది ఈశాన్యం మూలన పెట్టింది. (వాస్తు కూడా కలిసొచ్చిందని మామ మురిసిపోయాడు.) ప్రింటరు చర్రుచర్రుమని అయిదు నిమిషాలు మొత్తుకుని కాగితం ఇచ్చింది. మామ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. అది చూశాక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

శనివారం పొద్దున్నే మామ ఊరికి బస్సెక్కి, ముందుగా కొబ్బరికాయ సాయబు ఇంటికి పోయాను. ఆ చుట్టుపక్కల బోరు పాయింటు చూపించేది ఆయనే. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు, కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్లు. నా ఉపాయం సులువే. మామ తోటలో ఆయన మనసులో ఉన్న జాగా తెలుసుకుని, కొత్త కాగితం తీసి, కంప్యూటర్ కూడా అదే చెప్పిందని బుకాయించడం. అసలు విషయం దాచిపెట్టి, "తాతా, మా మామ తోటల నీళ్లు యాడున్నయంటవ్?" అని అడిగాను.

సాయబు నన్ను ఎగాదిగా చూసి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "బేటా, నీతోని ఎందుకు దాచాలె. మీ మామ చేన్ల నా కాయ నాలుగుసార్లు నిలబడ్డది, నాలుగుసార్లు దుమ్ము లేసింది. నాకు నిద్ర పడతలేదు. నీ మిషిని సంగతి ఊరంత ఎరుకే, జాగ యాడనో మీ మామ చెప్తలేడు. అది ఏం చెప్పిందో జర చెప్పు, రేపు నేను పోయి గాడ్నే నిలబడత. నీ ఇజ్జత్ ఉంటది, నా ఇజ్జత్ ఉంటది" అన్నాడు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈత రానివాడు ఇంకో ఈత రానివాడి మెడ పట్టుకున్నట్టయింది మా పని. నేను ఈశాన్యం అన్నాను. సాయబు "ఫికర్ చెయ్యకు" అని నా భుజం తట్టి, ఒక చాయ్ తాగించి పంపాడు. నా ఫికర్ అప్పటినుంచి రెండింతలైంది.

ఆదివారం పొద్దున తోట దగ్గర సగం ఊరు ఉంది. సాయబు కొబ్బరికాయతో నాలుగు చుట్లు తిరిగి, ఈశాన్యం మూలన ఆగాడు. కాయ నిటారుగా లేచింది. కంప్యూటర్, కొబ్బరికాయ ఒక్కమాట మీదికి వచ్చాయని జనం అబ్బురపడుతుంటే నేను నేల చూపులు చూస్తున్నాను. అత్త బోసి మెడతో చేని గట్టున, గెనం మీద కూర్చుని ఉంది. ఆమె వైపు చూడాలంటేనే నాకు సిగ్గుగా ఉంది.

అంతలో బోరుబండి వచ్చింది. పెద్ద లారీ, దాని మీద ఇనుప నిచ్చెన పడుకోబెట్టినట్టు బోరు మిషను. డ్రైవరు దిగి నేల చూసి, గెనం పక్కనుంచి చుట్టూ తిప్పుకుని తెస్తానన్నాడు. అక్కడ నా నోరు ఊరుకోవాలా. ఒక వంక భయంతో చస్తున్నా సరే, బండ్ల ముచ్చట రాగానే నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు. "గింత పెద్ద టైర్లు పెట్టుకొని చుట్టూ ఎందుకన్నా? వెనక రెండు జతల చక్రాలున్నయ్, రెండో గేర్ల సీదా గుంజు, వెన్న మీద కత్తి లెక్క పోతది" అన్నాను. మామ కూడా, "మా అల్లునికి బండ్లు బాగ ఎరుక" అని వత్తాసు పలికాడు. డ్రైవరు గొణుక్కుంటూ సీదా నడిపాడు. ఈశాన్యం మూలకు కాస్త ఇవతల పోయినేడు చెరువు మట్టి తోలిన జాగా ఒకటి ఉంది. పైన ఎండి గట్టిగా కనిపిస్తుంది, లోపలంతా బూడిదలాంటి మెత్తన. లారీ వెనక చక్రాలు అందులో సగానికి దిగబడ్డాయి. వెన్న మీద కత్తి అన్నాను కదా, అట్లాగే దిగింది.

గంటసేపు రాళ్లు వేశారు, కట్టెలు పెట్టారు, ఊరి ట్రాక్టరు తెచ్చి గుంజారు. ఇంచు కదల్లేదు. డ్రైవరు చెమట తుడుచుకుని, "పటేలా, దీన్ని గుంజాలంటే రేపు టౌన్‌కెల్లి పెద్ద మిషిని రావాలె, అది గుంజేసరికి పొద్దుగూకుతది, ఎల్లుండి పొద్దుగాల నేను ఇంకో ఊర్ల ఉండాలె. ఇగ మళ్ల నెలకే వస్త. జాకీలు దింపి ఉన్నకాడ్నే ఎయ్యమంటె ఏస్త. నీ ఇష్టం" అన్నాడు. నెలకు తోట ఉండదు. మామ కాగితం తీసి, మడత విప్పి, నా చేతిలో పెట్టాడు. "అల్లుడా, ఈడ నీళ్లున్నయా లేవా, కంప్యూటర్ ఏమన్నది?"

జనమంతా నన్నే చూస్తున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కంప్యూటర్ ఏమనలే మామా. అది ఆట. నువ్వొచ్చిన్నాడు నేను ఆడుకుంటున్న, బాపుకు చెప్తవని అబద్ధం చెప్పిన. గీ గుర్తు ఉత్తగ పెట్టిందే. తప్పయింది అత్తా" అన్నాను. సాయబు మెల్లగా కొబ్బరికాయను కండువాలో చుట్టుకున్నాడు. మామ మొహం మాడిపోయింది.

అత్త గెనం మీదనుంచి లేచి, కొంగు దులుపుకుంది. "నాలుగు బోర్లు ఎరుకున్నోళ్లు చెప్తే ఏసినం. గిదొక్కటి ఎరుక లేకుంట ఏద్దాం. బండి దానంతట అదే కూసున్నది గద, ఎయ్యమను" అంది.

జాకీలు దింపారు, నిచ్చెన లేపారు, కొట్టడం మొదలైంది. వంద అడుగుల దాకా తెల్లటి దుమ్ము. నూట యాభైకీ దుమ్మే. మేమందరం పిండిమరలో పనిచేసేవాళ్లలా తయారయ్యాం. నేను ఎన్నడూ మొక్కని దేవుళ్లందరికీ మొక్కాను, పక్కనే సాయబు కూడా పెదాలు కదుపుతున్నాడు. రెండొందలు దాటాక దుమ్ము తగ్గింది. తర్వాత ముద్దముద్దగా బురద. ఆ తర్వాత బుస్సుమని లేచిన నీళ్లు లారీని, డ్రైవరును, మామను, ఆ కాగితాన్ని కలిపి తడిపేశాయి. మామ ఆ బురదలోనే నన్ను ఎత్తుకుని తిప్పాడు. అత్త మాత్రం చేతిలోకి నీళ్లు పట్టి తాగి చూసి, "తియ్యగున్నయ్" అని, అప్పుడు ఏడ్చింది.

ఆ ఏటికి తోట బతికింది. మరుసటి ఏటికి గొలుసు అత్త మెడలోకి తిరిగొచ్చింది. ఊళ్లో మాత్రం కథ వేరేగా నడిచింది. నేను ఒప్పుకున్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు, కంప్యూటర్ చెబితే నీళ్లు పడ్డాయన్నదే మిగిలింది. పెండ్లిపత్రికల వెనక చేన్ల కొలతలు రాసుకుని జనం సెంటరుకు రావడం మొదలుపెట్టారు. సారు కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి 'ఇక్కడ బోరు పాయింట్లు చూపబడవు' అని అట్టముక్క మీద రాసి మెట్ల దగ్గర వేలాడదీశాడు. కొబ్బరికాయ సాయబేమో, "నా కాయ నిలబడ్డ జాగకు ఎంత దూరమని? నలభై అడుగులే గద" అని చెప్పుకుని మళ్లీ గిరాకీ పెంచుకున్నాడు. ఆ లెక్కన నా కంప్యూటర్ కూడా నలభై అడుగులే తప్పింది మరి!

నిరుడు కొత్త కారు తీసుకుని తోటకు పోయాను. (ఏ కారు అని అడగకండి, మొదలుపెడితే పొద్దుగూకుతుంది.) అందులో దారి చెప్పే తెర ఉంది, అది తోటలోకి సీదా పొమ్మంది. నేను దిగి, మడమతో నేల గట్టిగా తొక్కి చూసి, చుట్టూ తిప్పుకుని తెచ్చాను. తోటలోనే కట్టుకున్న ఇంటి గడపలో నిలబడ్డ అత్త అదంతా చూసి, "ఇప్పటికి తెలివొచ్చింది" అని నవ్వింది. మామ పోయి నాలుగేళ్లయింది. కాళ్లు కడుక్కుని లోపలికి పోతే దేవుడి గూట్లో పటాల పక్కన ఆ ప్రింటరు కాగితం కనిపించింది. నీళ్ల మరకలు పడి, గీతలు వెలిసి ఉంది. ఈశాన్యం మూలన ఇంటూ గుర్తు మీద మాత్రం కుంకుమ బొట్టు ఎర్రగా ఉంది.

"నీళ్లు గాడ పడలే గద అత్తా, దానికెందుకు బొట్టు?" అన్నాను.

"నీళ్లకు పెడతలే బిడ్డా. గంతమంది ముందల తప్పయిందన్నవ్. మీ మామ నాలుగు బోర్లు ఏసి, ఒక్కనాడన్న గామాట అన్నడా?" అంది, బత్తాయి ఒలిచి నా చేతిలో పెడుతూ.