అమ్మ వేసుకున్న రబ్బరు చెప్పులు

నేను కబడ్డీ ఆడి పెరిగినదాన్ని. ఆ ఆటలో ఒంటికి మర్యాద ఉండదు. కూతకు వెళితే నలుగురూ మీద పడతారు, కాళ్లు లాగుతారు, నడుము పట్టేస్తారు, మట్టిలో బోర్లా పడేసి పైన కూర్చుంటారు. మా జట్టులో అందరికంటే ఎక్కువసేపు కూత ఆపకుండా ఉండేది నేనే. ఆ ఊపిరి మీదే ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ ఉద్యోగం తెచ్చుకున్నాను. నాకు గుండె జబ్బుందని అప్పట్లో ఎవరైనా అని ఉంటే పళ్లు రాలగొట్టేదాన్ని.

పడిపోయింది కూడా ఆటలోనే. పెద్ద తరగతి ఆడపిల్లలతో ఆడుతూ కూత పెట్టి గీత దాటాను. అంతవరకే నాకు గుర్తుంది. మిగతాది వాళ్లూ వీళ్లూ చెప్పిందే. కూతుర్ని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన ఒక తండ్రి పరిగెత్తుకొచ్చి, నా ఛాతీ మీద రెండు చేతులూ వేసి అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడట. వాళ్ల కంపెనీలో నేర్పించారట. అంబులెన్సువాళ్లు షాకిస్తే గుండె మళ్లీ దారిలోకి వచ్చిందట.

పుట్టుకతోనే నా గుండె కండరం ఒకచోట మందంగా ఉందని దవాఖానలో డాక్టరు చెప్పాడు. బాగా కష్టపడితే లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుందట. ఇన్నేళ్లూ ఆ గుండెతోనే గెంతానన్నమాట. ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె అంత మిషన్ పెట్టారు. గుండె దారి తప్పితే అది లోపలి నుంచే షాక్ కొట్టి దారిలో పెడుతుంది. నడవచ్చు, ఇంటిపని చేసుకోవచ్చు, పరుగు మాత్రం వద్దన్నారు. కబడ్డీ మాటే ఎత్తొద్దన్నారు. సరే, బతికాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆ సర్దుబాటు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దాకానే నిలిచింది. ఒకరోజు అమ్మా నేనూ జాకెట్టు ముక్కలు కొనుక్కుని బస్సు కోసం నిలబడ్డాం. బస్సు స్టాపు దాటి ముందుకెళ్లి ఆగింది. ఆ రోడ్డు మీద బస్సులకు అదొక రోగం. నా కాళ్లు నన్ను అడగలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. బస్సు దగ్గరికి వచ్చేసరికి కళ్లకు చీకట్లు కమ్మాయి. ఆ వెంటనే లోపల గాడిద తన్నినట్టు ఒక్క దెబ్బ. కేక వేశాను. అదే క్షణంలో అమ్మ కూడా కేకేసి నా చెయ్యి వదిలేసింది. నేను వెళ్లి చీరల కొట్టు ముందు నిలబెట్టిన బొమ్మ మీద పడ్డాను.

“కరెంటు! నాక్కూడ కొట్టింది! చెయ్యి జుమ్మన్నది!” అని అమ్మ అరిచింది.

సాయం చేయడానికి వంగినవాళ్లంతా లేచి వెనక్కి జరిగారు. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం పూట కాలు పెట్టడానికి చోటుండదు. ఆరోజు నా చుట్టూ మంచం వేసుకునేంత జాగా ఏర్పడింది. జాకెట్టు ముక్కల కవరు పట్టుకుని అమ్మ కూడా ఆ జాగాకి అవతలే నిలబడింది.

మిషన్ తన పని తాను చేసిందన్నాడు డాక్టరు. అమ్మను కూర్చోబెట్టి, విడిగా, ఓపిగ్గా చెప్పాడు కూడా. “అమ్మా, ఈమెను పట్టుకున్నవాళ్లకి ఏమీ కాదు. మహా అయితే కొద్దిగా జుమ్మంటుంది. ప్రమాదమేమీ లేదు.” అమ్మ “అట్లనే సారూ” అని బుద్ధిగా తలూపింది. బయటికి రాగానే తిన్నగా చెప్పుల బండి దగ్గరికి వెళ్లి మందపాటి రబ్బరు చెప్పులు కొంది.

“ఎందుకే అమ్మా?” అన్నాను.

“ఇంట్లకు.”

ఇంట్లోకి చెప్పులతో వస్తే చిన్నప్పుడు నా వీపు పగలగొట్టిన మనిషి ఈవిడే. ఇప్పుడు నాకు అన్నం పెట్టాలంటే చెప్పులు, మాత్రలివ్వాలంటే చెప్పులు. తలస్నానం చేయించేటప్పుడు ఆ చెప్పులతో ప్లాస్టిక్ స్టూలు మీదికెక్కి, దూరం నుంచి చెంబుతో నీళ్లు పోసేది. మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. కానీ ఏమనగలను? మా మేనమామ బావి దగ్గర మోటరు పట్టుకుని చనిపోయాడు. ఆయన్ని లాగబోయి మా అత్త కూడా ఆయనతోనే పోయింది. ఆ ఇద్దరినీ అమ్మ కళ్లారా చూసింది. డాక్టరు మాట ఆవిడ చెవుల దాకా వెళ్లింది, కళ్ల దాకా వెళ్లలేదు.

మా ఆయన బాటసింగారం పండ్ల మార్కెట్లో గుమాస్తా. తెల్లవారకముందే వెళ్లిపోతాడు. మంచం మీద నా పక్కన పడుకునే మనిషి చాప తీసుకుని కిందికి మారాడు. “నీకు జర ఇశాలంగ ఉంటదని” అన్నాడు. ఆ విశాలం ఎవరడిగారు? కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ గుంటూరు వైపు మనిషి, నోరు మంచిది. పప్పుచారు గిన్నె మెట్ల గోడ మీద పెట్టి, నాలుగు మెట్లు దిగాక పిలిచేది. “అమ్మాయ్, అక్కడ పెట్టానమ్మా, తీసుకో. మోటరు స్విచ్ మాత్రం నువ్వు వేయకు తల్లీ, నేను వేసుకుంటాలే.” అందరూ మంచివాళ్లే. ఒక్కరైనా చెడ్డవాళ్లయి ఉంటే నోరారా తిట్టుకునేదాన్ని.

నిజం చెప్పాలంటే నా గుండె అంటే నాకే భయం పట్టుకుంది. మెట్లెక్కితే భయం, దగ్గితే భయం, పీడకలొస్తే భయం. మణికట్టు మీద వేలు పెట్టుకుని నాడి వింటూ పడుకునేదాన్ని. ఆ భయం ఎలాగో ఓర్చుకునేదాన్నేమో. కానీ ఒక మనిషి చెయ్యి ఒంటి మీద పడక ఎంతకాలమైందో తలుచుకుంటే మాత్రం ఏడుపు ఆగేది కాదు. జుట్టు చిక్కు తీసేవాళ్లు లేరు, వీపు రుద్దేవాళ్లు లేరు, జ్వరముందా అని నుదురు పట్టి చూసేవాళ్లు లేరు. ఇలా బతకడం కన్నా ఆరోజు గ్రౌండులోనే పోయినా బాగుండేదనుకున్నాను. అంతమంది మీద పడ్డా లేచొచ్చినదాన్ని, ఒక్కరూ ముట్టుకోకపోతే లేవలేకపోయాను.

అమ్మ మా చర్చి అయ్యగారిని ప్రార్థనకు పిలిపించింది. మా సంఘంలో రోగుల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. మా అయ్యగారి చెయ్యి బరువైనది. తల మీద పెట్టి నొక్కితే మెడ దిగిపోయేది. టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆ బరువుకే సగం ధైర్యం వచ్చింది నాకు. కళ్లు మూసుకుని ఆ చెయ్యి కోసం ఎదురుచూశాను. ప్రార్థన మొదలైంది, గొంతు పెరిగింది, చెయ్యి మాత్రం పడలేదు. ఒక కన్ను తెరిచి చూశాను. పెనం కాలిందో లేదో చూసేటప్పుడు పెట్టినట్టు, ఆయన అరచెయ్యి నా తలకు జానెడు ఎత్తున ఆగి ఉంది.

వెళ్తూ వెళ్తూ ఆయన అన్నారు, “అమ్మ మొక్కుకున్నది గద సిస్టర్. ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాలె.”

బిడ్డ బతికితే సంఘం ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తానని దవాఖాన వరండాలోనే మొక్కుకుందట అమ్మ. సాక్ష్యాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. జబ్బు చేసింది, డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేశాం, సంపూర్ణ స్వస్థత కలిగింది, హల్లెలూయా. ఒక్కటి తప్పినా సాక్ష్యం కాదు.

“నయం కాలేదు గదనే అమ్మా. ఏం చెప్పాలె?” అన్నాను.

“చెప్తే అయితది బిడ్డా. నోటితోని ఒప్పుకుంటే దేవుడు చేస్తడు.”

“అయితే నన్ను ముట్టుకో.”

అమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. చెప్పులున్నాయి. అయినా చెయ్యి రాలేదు. పొయ్యి మీద ఏదో మాడుతోందని వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మా ప్రార్థన హాలు ఎల్బీనగర్‌లో ఒక టైర్ల దుకాణం పైన ఉంటుంది. చెప్పులన్నీ కింద మెట్ల దగ్గరే విడవాలి. నేను మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కాను. పాటలయ్యాక అయ్యగారు నన్ను పిలిచారు. మైకు అందరికీ చేతికిస్తారు, నాకు మాత్రం కుర్చీలో పెట్టి పక్కకు జరిగారు. అది చూశాక ఇంటి దగ్గర కూడబెట్టుకున్న మాటలన్నీ పోయాయి.

“అందరికి వందనాలు,” అన్నాను. “నాకు నయం కాలే. డాక్టర్లు చేతులెత్తెయ్యలే, వాళ్లే బతికిచ్చిన్రు. దేవుడు సుత బతికిచ్చిండేమో, నాకు తెల్వది. గుండె ఎప్పుడు ఆగుతదో, మిషన్ ఎప్పుడు షాక్ కొడ్తదో అని దినాం భయమైతది. గని నా బాధ అది కాదు. నన్ను ఎవ్వరు ముట్టుకుంటలేరు. ముట్టుకునేటోళ్లు లేనప్పుడు, బతికిచ్చి ఏం లాభం?”

హల్లెలూయా ఎక్కడ చెప్పాలో ఎవరికీ తెలియలేదు. కీబోర్డు అబ్బాయి అలవాటు కొద్దీ ఒక మీట నొక్కి, చటుక్కున చెయ్యి తీసేశాడు. అయ్యగారు తేరుకుని, “సిస్టర్ కోసం ప్రార్థన చేద్దాం” అని తానున్న చోటునుంచే చెయ్యెత్తారు. మగవాళ్ల వైపు కూర్చున్న మా ఆయన తల దించుకున్నాడు.

ముందు చాప మీది నుంచి అమ్మ లేచింది. తిట్టడానికే వస్తోందనుకున్నాను. పరువు తీశాను కదా. రెండడుగులేసి ఆగి, తన పాదాల వైపు చూసుకుంది. వట్టి కాళ్లు, కింద నాపరాళ్లు, పొద్దున తుడిస్తే ఇంకా ఆరని తడి. మళ్లీ నడిచింది. దగ్గరికొచ్చి ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, కుడిచెయ్యి నా భుజం కింద, మిషన్ ఉబ్బెత్తుగా తగిలే చోట పెట్టింది. గట్టిగా పెట్టింది.

నా గుండె దడదడా కొట్టుకోసాగింది. ఇప్పుడు మిషన్ కొడితే ఏం కావాలి? “అమ్మా, వదులు. ఎక్కువ కొట్టుకుంటున్నది” అన్నాను.

“కొడ్తే ఇద్దరికి కొట్టని,” అంది, నాకు మాత్రమే వినపడేట్టు. “మా తమ్మునితోని మా మరదలు పోలేదా? పోతే ఇద్దరం పోదాం.”

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మ డాక్టరు మాట ఇప్పటికీ నమ్మలేదు. చచ్చిపోతానని నమ్ముతూనే చెయ్యి పెట్టింది. అందరి ముందూ ఆవిడ భుజం మీద తల పెట్టి, గ్రౌండులో దెబ్బ తగిలిన చిన్నపిల్లలా బావురుమన్నాను. మిషన్ కొట్టలేదు.

ఆ రోజుతో అంతా బాగైపోలేదు. మా ఆయన మంచం మీదికి రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. నా వేలు ఇప్పటికీ మణికట్టు మీదికి పోతుంది. కానీ ఆ ఆదివారం మెట్లు దిగాక, నా చెయ్యి వదలకుండా, అమ్మ తన రబ్బరు చెప్పుల్ని కాలితోనే వెతుక్కుని, కాలితోనే తొడుక్కుంది. రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు కదులుతోంది. నా కాళ్లు మళ్లీ లేవబోయాయి. అమ్మ నా చెయ్యి బిగించి పట్టుకుంది.

“పోనియ్యి బిడ్డా. ఇంకోటొస్తది.”

ఇద్దరం ఆ ఎండలోనే, చేతులు పట్టుకుని, ఇంకో బస్సు వచ్చేదాకా నిలబడ్డాం.