దీనమ్మ సిస్టర్ లేవని ఆదివారాలు

మా పక్క వాటాలో పసిబిడ్డ ఉంది. రోజూ పొద్దున ఆ బిడ్డకు ఒళ్ళు రుద్దడానికి వాళ్ళ అమ్మమ్మ చిన్న గిన్నెలో కొబ్బరినూనె వేడి చేస్తుంది. ఆ వాసన వంటింటి కిటికీలోంచి వస్తే చాలు, నా కుడిచేతి వేళ్ళు వాటంతట అవే చాచుకుంటాయి. నిజామాబాద్‌లో కాపురం పెట్టి, బడిలో పాఠాలు చెబుతూ ఇన్నేళ్ళయినా ఆ క్షణంలో నేను టీచరమ్మను కాను. బోధన్‌లో ఒక రేకుల వరండాలో పీట మీద ముడుచుకు కూర్చున్న పదహారేళ్ళ మొండిపిల్లను. ఎదురుగా దీనమ్మ సిస్టర్. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉంటాయి. వేడి చేసిన కొబ్బరినూనె రాసి, నా వేళ్ళను ఒక్కొక్కటిగా పట్టి వెనక్కి వంచుతూ, "నొస్తే నన్ను తిట్టు. సెయ్యి మాత్రం గుంజకు. ఇరవై దాకా లెక్కపెట్టు" అంటుంది. నేను పళ్ళు బిగబట్టి లెక్కపెట్టేదాన్ని. మధ్యమధ్యలో నిజంగానే తిట్టేదాన్ని కూడా. ఆమె ఏమీ అనుకునేది కాదు.

చెయ్యి సంగతి చెప్పాలి. నాకు పద్నాలుగేళ్ళప్పుడు, బోధన్ పక్కన మా ఊళ్ళో, పసుపు ఉడకబెట్టే రోజుల్లో కాలింది. పొలం గట్టున పెద్ద ఇనుప కడాయి, దాని కింద మంట, లోపల కుతకుతమంటూ పసుపు కొమ్ములు. బాపు ఆ మధ్యాహ్నమే తాగి ఉన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, వద్దు వద్దంటున్నా వినకుండా ఉడికిన కొమ్ములు తోడే పనికి తనే దిగాడు. నేను గంప పట్టుకొని పక్కన నిలబడ్డాను. బాపు తూలాడు, చేతిలోని బకెట్టు ఒరిగింది, మరిగే నీళ్ళన్నీ నా కుడిచేతి మీద పడ్డాయి. పరామర్శకు వచ్చిన ఒకాయన "పసుపు నీళ్ళేనాయె, పుండు జల్దిన మానుతది" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పుండు మానింది. కానీ మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి అలాగే బిగుసుకున్నాయి.

ఊరంతా ఒకటే మాట: పొరపాటు. కావాలని చేశాడా, కన్నతండ్రి కదా, మనసులో పెట్టుకోకు. అవ్వ కూడా అదే అంది. బాపు ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు, అది నిజం. కానీ అతను నోరు తెరిచి నాతో ఒక్క మాట అనలేదు. నేనూ అతనితో మాట్లాడటం మానేశాను. అతను తినేచోట నేను తినేదాన్ని కాదు. నేను కంచం పట్టుకొని లేచిపోతుంటే చూడలేక, కొన్నాళ్ళకు అతనే తన కంచం తీసుకుని బయట అరుగు మీదికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాటలన్నీ అవ్వ మీదుగానే నడిచేవి. అతనికి కనపడకుండా చేతిని చున్నీ కింద దాచుకునేదాన్ని. అలా రెండేళ్ళు.

ఆ కోపం ఇంటితో ఆగలేదు. బడిలో ఎవరైనా నవ్వితే నన్ను చూసే నవ్వారనుకునేదాన్ని. పదో తరగతిలో సునీత అనే అమ్మాయి నన్ను "కొంకి చెయ్యి" అంది. టిఫిన్ డబ్బా తీసి ముఖాన కొట్టాను. దాని కనుబొమ్మ చిట్లి కుట్లు పడ్డాయి. హెడ్మాస్టరు పదిహేను రోజులు బడికి రావద్దన్నారు. అవ్వ ఏడ్చింది, ఎవరిని అడిగిందో ఏమో, మర్నాడు నన్ను ఆటో ఎక్కించి బోధన్‌లో దీనమ్మ సిస్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యింది. కాలిన చేతులు, విరిగి అతికిన కాళ్ళు ఆమె వరండాకు వస్తుండేవి.

అవ్వ "మా గంగామణి" అంటూ నా ఘనకార్యం అంతా చెప్పుకొచ్చింది. సిస్టర్ నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ చేత్తోని కొట్టినవ్?"

"గీ చేత్తోనే."

"డబ్బా ఎట్ల పట్టినవ్ మరి?"

రెండు వేళ్ళతో పట్టి చూపించాను.

"మంచిది, బలం పోలె. రోజు రావాలె. ఆదివారం గూడ నాగా వద్దు" అంది. అంతే. కోపం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను ఆ ఉపదేశం కోసమే కాచుకు కూర్చున్నాను, వినగానే విసురుగా లేచి వచ్చేద్దామని. వారమైనా రాలేదు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను, "మీరు మాఫ్ చెయ్యమని చెప్పరా సిస్టరమ్మా? మీ చర్చిల గదే చెప్తరంట గద?"

ఆమె నవ్వింది. "చెప్తరు. నాకే చేతనైతలేదు, నీకేం చెప్త?"

అదేదో మాటవరసకు అన్నదనుకున్నాను. ఆదివారాలు ఆమె చర్చి నుంచి వచ్చేదాకా వరండాలో ఒక్కదాన్నే కూర్చోవడం విసుగై, నేనూ ఆమెతో వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేదాన్ని. మాది పోచమ్మకు బోనం ఎత్తే ఇల్లు. అక్కడి పద్ధతులు నాకేం తెలుస్తాయి? నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం ఉంటుంది. వరస వరసగా లేచి, ముందు మోకాళ్ళ మీద నిలిచి, పాస్టరు అయ్యగారి చేతి నుంచి చిన్న రొట్టెముక్క, ద్రాక్షరసం తీసుకుంటారు. మా బెంచీ వంతు వచ్చింది. అందరూ లేచారు, సిస్టర్ లేవలేదు. నన్ను వదిలి వెళ్ళడానికి మొహమాటపడుతోందనుకుని, "మీరు పోండ్రి సిస్టరమ్మా, సంచి నేను సూస్త" అన్నాను.

"నేను పోను బిడ్డా. కూసో."

వరండాకు తిరిగి వచ్చి నూనె వేడి చేస్తూ చెప్పింది. ఆమెకు వర్నిలో సుగుణ అని చెల్లెలు ఉంది. ఏదో చిన్న విషయంలో ఇద్దరికీ మాటలు పోయాయి. ఆ రోజుల్లోనే వాళ్ళ అమ్మ చెల్లెలి ఇంట్లో పోయింది. సుగుణ అక్కకు కబురు పెట్టలేదు. ఎవరో చెబితే తెలిసి, డ్యూటీ చీరతోనే బస్సెక్కి పరుగున వెళ్ళేసరికి సమాధి మీద మట్టి కప్పేసి ఉంది. తల్లి ముఖం చూడలేకపోయింది. "మనసుల ఒకరి మీద గింత కోపం పెట్టుకొని ఆ రొట్టెకు చెయ్యి చాపొద్దు. చాపితే అబద్ధమైతది. అందుకే లేవ" అంది. ఎన్నేళ్ళయిందని అడిగాను. పదకొండేళ్ళట. చర్చిలో అందరికీ తెలుసు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా అందరూ చూస్తుండగా ఆమె ఒక్కతే బెంచీలో కూర్చుంటోంది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇన్నాళ్ళకు నావైపు మనిషి ఒకరు దొరికారు. "మంచిగ చేస్తున్నరు సిస్టరమ్మా! నేను గూడ గంతే. సచ్చేదాక బాపుతోని మాట్లాడ" అన్నాను, పరీక్షలో ఫస్టు వచ్చినంత గర్వంగా.

ఆమె చేతిలోని నా వేలు అలాగే ఉండిపోయింది. ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి, వదల్లేదు. నేను నొప్పి అన్నాక ఉలిక్కిపడి వదిలింది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తన పదకొండేళ్ళ కోపం ఒక పిల్లకు ఇంత ముచ్చటగా కనిపిస్తుందని ఆమె ఏనాడూ అనుకొని ఉండదు. రెండో రోజో మూడో రోజో, "రేపు పొద్దుగాల వర్నికి పోవాలె. ఒక్కదానికి కాళ్ళు రావు. తోడొస్తవా?" అంది.

బస్సులో కాలువ పొడుగునా పచ్చటి వరి. ఆమె మాత్రం సంచి పట్టీని చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. సుగుణమ్మ ఇంటి ముందు వడ్లు ఆరబోస్తోంది. మమ్మల్ని చూసి చేట కింద పెట్టి, "అక్కా" అని గబగబా లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సిస్టర్ అందుకోలేదు.

"ముందుగాల నా మాట ఇను సుగుణా. అవ్వ పోయిన నాడు నాకు కబురు పెట్టలె. నేనొచ్చే వరకు మట్టి గూడ పోసిండ్రు. అవ్వ మొఖం నన్ను సూడనియ్యలె నువ్వు."

"అప్పుడు మనకు మాటల్లేకుండె గదక్కా..."

"మాటల్లేకుంటే? అవ్వ నీకొక్కదానికేనా?"

సుగుణమ్మ చెంబు పట్టుకొని అలాగే నిలబడింది. ఆరబోసిన వడ్ల మీదికి కోడి వచ్చినా తోలలేదు. "తప్పయింది" అంది. సర్దిచెప్పడానికి ఎవరైనా సాధారణంగా పోనీలే అంటారు. సిస్టర్ అనలేదు.

"ఔ. తప్పే" అంది. అని, చెంబు తీసుకొని గటగటా తాగింది. "ఇగ దాన్ని పట్టుకొని ఉండ. అన్నం పెట్టు, పిల్ల ఆకలితోని ఉన్నది."

కౌగిలింతలు, ఏడుపులు ఉంటాయని ఎదురుచూసిన నాకు పప్పన్నం దొరికింది. తిరుగు బస్సులో ఆగలేక అడిగాను, "అంతేనా? మాఫ్ చేసినట్లేనా?"

"చేసిన అనే అనుకుంటున్న. రేపు మళ్ళ కోపమొస్తదేమో. వస్తే మళ్ళ చేస్త."

"మరి ఆమె చేసింది?"

"ఆమె చేసింది మంచిదే అని నేనన్ననా?"

అనలేదు. తప్పును తప్పని ముఖం మీద చెప్పింది, చెప్పాకే నీళ్ళు తాగింది. రెండేళ్ళుగా నన్ను బతిమిలాడిన వాళ్ళందరూ ముందు ఆ తప్పును మింగెయ్యమన్నారు. మింగుడు పడక నేను అందరి మీదా కక్కుతూ వచ్చాను. ఆ ముక్క నాకు ఆ బస్సులోనే పూర్తిగా అర్థమైందని చెబితే అబద్ధం. కానీ లోపల ఏదో కదిలింది.

ఆ తరవాతి మొదటి ఆదివారం మా బెంచీ వంతు వచ్చినప్పుడు దీనమ్మ సిస్టర్ లేచింది. మోకాళ్ళ నొప్పులతో బెంచీ పట్టుకొని, మెల్లగా. పాట పాడుతున్నవాళ్ళ గొంతులు ఒక్కసారి తడబడ్డాయి. అయ్యగారు రొట్టె ఇస్తూ ఒక క్షణం ఆగారు. ఆమె చెయ్యి చాపింది. నేను వెనక బెంచీలో సంచిని ఒళ్ళో పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చాను. తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇప్పుడు నీ వంతు అని నోటితో కాదు, కంటితో కూడా అనలేదు. అందుకు ఆమెకు జీవితాంతం రుణపడి ఉన్నాను.

నేను ఇల్లు చేరేసరికి బాపు అరుగు మీద అన్నం తింటున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"బాపూ."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఆ దినం నువ్వు తాగి ఉన్నవ్. అవ్వ వద్దన్నా ఇనలె. నా చెయ్యి నీ వల్లనే కాలింది. పొరపాటని అనకు."

"అన బిడ్డా" అన్నాడు. "నాది తప్పే. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలెనో తెల్వకుండె." "సెయ్యి సూడొచ్చా?" అని అడిగాడు.

రెండేళ్ళలో అతను ఆ చేతిని చూడనే లేదు. నేను చూడనివ్వలేదు. చెయ్యి కడుక్కొని, తువ్వాలుతో తుడుచుకొని, రెండు అరచేతులూ చాపాడు. నేను చున్నీ తీసి నా చెయ్యి అందులో పెట్టాను. అతను ఒక్కో వేలినీ ముట్టుకుంటూ ఏ వేలు వంగుతుంది, ఎక్కడ నొస్తుంది అని అడిగాడు. అన్నీ చెప్పాను. లోపలికి వెళ్ళి నా కంచం కూడా అరుగు మీదికే తెచ్చుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ అవ్వ ఇద్దరికీ పచ్చిపులుసు పోసింది. మర్నాడు బడిలో సునీత దగ్గరికి వెళ్ళి, అది నన్ను ఏమన్నా సరే, నేను కొట్టడం తప్పని చెప్పాను. అది వారం రోజులు ఆలోచించి మరీ మాట్లాడింది.

దీనమ్మ సిస్టర్ పోయి ఆరేళ్ళు. కబురు తెలిసి నేను బయలుదేరేసరికే ఆలస్యమైంది, దారిలో చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నత్తలా నడిచింది. ఇక ముఖం చూడలేననుకున్నాను. వెళ్ళేసరికి వరండా నిండా జనం, పెట్టె ఇంకా తెరిచే ఉంది. తల దగ్గర సుగుణమ్మ కూర్చొని ఉంది. గంగామణి వచ్చేదాకా మూయొద్దని పొద్దుటి నుంచి ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదట.

ఇప్పుడు నా బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే వెంటనే చేతులు కలపమని నేను చెప్పను. ఎవరికి ఏం జరిగిందో ముందు చెప్పమంటాను, రెండోవాళ్ళను చివరిదాకా వినమంటాను. ఆ తరవాత సంగతి వాళ్ళకే వదిలేస్తాను. నా కోపం పూర్తిగా పోయిందనుకోకండి. చిటికెన వేలు ఇప్పటికీ సాగదు. మొన్న వానాకాలంలో బాపు మా ఇంట్లో ఉన్నప్పుడు, చపాతీ పిండి కలుపుతుంటే ఆ వేలు పట్టేసింది. ఉన్నట్టుండి ఎక్కడలేని కోపం తన్నుకొచ్చింది.

"బాపూ, ఇయ్యాల నాతోని మాట్లాడకు" అన్నాను.

అతను ఎందుకని అడగలేదు. "సరే బిడ్డా" అని పేపరు తీసుకొని బాల్కనీలోకి వెళ్ళాడు. మర్నాడు పొద్దున రెండు కప్పుల్లో చాయ్ పోసుకొని నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.