లిల్లీ రోడ్డు బోర్డు

1947 ఆగస్టు. కర్నూలు పార్కు మధ్యగా పోయే లిల్లీ రోడ్డుకు స్వరాజ్య రోడ్డని పేరు మార్చారు. బోర్డు రాసే పని నాకొచ్చింది. అప్పటికే పన్నెండేళ్లుగా ఊళ్లో బోర్డులు రాస్తున్నాను. లిల్లీ అంటే పువ్వే అనుకున్నాను. పార్కులో రోడ్డు కదా, ఊరంతా అట్లాగే అనుకునేది.

పాత బోర్డు మీద నేరుగా రంగు వేస్తే కింది అక్షరాలు పైకి తేలుతాయి. అందుకని ముందు వాటిని గీకి, ప్రైమర్ అనే అడుగు రంగు పూయాలి. గీకడం మొదలుపెట్టబోతుంటే, పార్కులో ఆకులు ఊడ్చే రూతమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది. అరవై దాటిన మనిషి.

"అప్పా, దాంట్లో పాప పేరు యాడుండాది? నాకు సదువు రాదు."

"ఏ పాపమ్మా?"

"లిల్లీ పాప. కాలువల ఇంజనీరు దొర బిడ్డ. పుట్టినకాన్నుంచి నేనే ఎత్తుకోని తిరిగితి."

వాళ్లింట్లో ఆమె ఆయాగా పనిచేసిందట. పాపకు మూడేళ్లప్పుడు జ్వరం ముదిరితే మద్రాసుకు తీసుకుపోయారు. అక్కడే చనిపోయింది, అక్కడే పూడ్చారు. దొర ఒక్కడే తిరిగొచ్చి, అప్పుడే వేయించిన ఈ రోడ్డుకు బిడ్డ పేరు పెట్టించి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు.

"నాకు కడసూపు గూడా లేకపాయె," అంది.

గీకే కత్తి కింద పెట్టాను. పేరు మార్పు ఆపడం నా వశంలో లేదు. నిజానికి ఆ మార్పు నాకూ ఇష్టమే.

"మునిసిపాలిటీ ఓవర్సీరునడిగి కొత్త రేకు తెప్పించుకుంటాలే. దీన్ని నువ్వు ఇంటికి తీసుకపో," అన్నాను.

"ఇంట్లో పెట్టుకోని ఏం జేసుకునేదప్పా? ఈడుంటే వచ్చేపోయేటోళ్లు దినామూ ఆ పాప పేరు అంటాండ్రి. అది వింటా ఊడుస్తాంటి. నాకంతే సాలు."

ఆమె వేలు పట్టుకుని 'లి' మీద పెట్టాను, తర్వాత 'ల్లీ' మీద. దీర్ఘం వెంబడి వేలు మెల్లగా తిప్పుకుంది. కొంగుతో ఆ రెండక్షరాల మీది దుమ్ము తుడిచి, పక్కకు జరిగింది.

"గీకప్పా. రోంత నిమ్మళంగా గీకు."

గంటలో అయ్యే పనికి పొద్దుగూకింది.

జట్కావాళ్లు మాత్రం ఇంకో నాలుగైదేళ్లు లిల్లీ రోడ్డనే అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా రూతమ్మ తలెత్తి చూసేది.

ఆ తర్వాత చాలా బోర్డులు గీకాను. ఆ పేరు ఎవరిదో చుట్టుపక్కల పెద్దవాళ్లను అడగకుండా ఒక్కదాని మీదా చేయి వేయలేదు. రాయడం మా గురువు నేర్పాడు. చెరపడం రూతమ్మ దగ్గర నేర్చుకున్నాను.