అత్త నమ్మని కాగితం

మా మేనత్త పోయింది. పోయిన ఆదివారం పొద్దున, బోధన్‌లో, చర్చికి జనం బయల్దేరే వేళకు. ఫోన్ చేసిన తమ్ముడు కబురు చెప్పిన వెంటనే ఒక మాట అడిగాడు. "అక్కా, ఏమైందని ఎవరన్న అడుగుతే గుండెపోటని చెప్దామా?" వద్దన్నాను. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి పోయిందని చెప్పమన్నాను. మా ఇంట్లో చావు కబురుతో పాటు ఆ జబ్బు పేరు బయటికి చెప్పడం అదే మొదటిసారి.

అత్త నర్సు. ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరి మాటనూ ఒక్కసారికి నమ్మే మనిషి కాదు. జ్వరమని పోతే థర్మామీటర్ పెట్టేది, తర్వాత ఆ థర్మామీటర్‌నే అనుమానించి ఇంకోటి తెచ్చేది. మందు సీసా మీది తేదీని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చదివేది. ఏం చెప్పినా రెండే ప్రశ్నలు. "ఎవలు చెప్పిండ్రు? వాళ్లకెట్ల ఎర్కైంది?" చిన్నప్పుడు ఆమె ముందు నిజం చెప్పాలన్నా జంకేవాళ్లం.

ఆమెకు అన్నిటికంటే పెద్ద అనుమానం మా ఇంటి చావుల మీద. మోస్రాలో ఉండే మా అవ్వ, అంటే బాపు తల్లి, జ్వరంతో పోయిందని అందరూ అనేవాళ్లు. అత్త ఒప్పుకోలేదు. చివరి నెలల్లో తల్లి స్నానం చేసేటప్పుడు కూతుళ్లను కూడా దగ్గరికి రానివ్వలేదని, కొంగు ఎప్పుడూ ఒక పక్కకే గట్టిగా చుట్టుకునేదని ఆమెకు గుర్తు. అత్తకు అక్క, మా పెద్దత్త, నలభై నిండకుండానే పోయింది. కామెర్లన్నారు. అదీ నమ్మలేదు.

నేను బడికి పోయే రోజుల్లో, ఎనభైల్లో, అత్త సెలవు దొరికితే మోస్రాలో, మాక్లూర్‌లో చుట్టాల ఇళ్లకు పోయేది. ముసలివాళ్లను పక్కకు పిలిచి, ఎవరికి ఎక్కడ గడ్డ లేచింది, ఏ వయసులో లేచింది అని అడిగేది. వాళ్లకూ ఈమె మీద అనుమానమే. ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రాకుండా చేస్తోందని ఒక పెద్దమ్మ మొహం మీదే అన్నదట. అత్త చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, మళ్లీ అదే ప్రశ్న అడిగిందట.

రెండువేలు దాటాక నా వంతు వచ్చింది. అప్పటికి నాకు ముప్పై ఒకటి. నిజామాబాద్‌లో టీచర్‌ను. పెళ్లయి రెండేళ్లు, పిల్లలు లేరు. రొమ్ములో గడ్డ తగిలింది. సూది పెట్టి చూస్తే మామూలు గడ్డేనని తేలింది. కానీ ఇంటి సంగతి విన్న డాక్టరు నా రక్తం తీసి హైదరాబాద్ ల్యాబుకు పంపించాడు. నెలల తర్వాత కాగితం వచ్చింది. వంశంలో క్యాన్సర్ తెచ్చే జన్యువుల్లో ఒకదాంట్లో నాకు ఒక్క అక్షరం మారి ఉందట. ఆ మార్పు చెడ్డదో కాదో ఇంకా తెలియదని కింద రాసి ఉంది.

డాక్టరు ఆ కింది వాక్యం దగ్గర ఆగలేదు. మార్పు ఉంది, ఇంట్లో చావులున్నాయి, ఇంకేం కావాలన్నాడు. రెండు రొమ్ములూ, అండాశయాలూ తీయించుకోవడం మంచిదన్నాడు. నేను నమ్మాను. ఆయన ఆపరేషన్‌కు రోజు కూడా చెప్పాడు.

సంగతి తెలిసి అత్త బోధన్ నుంచి బస్సులో వచ్చింది. కాగితం మూడుసార్లు చదివింది.

"దీంట్ల తెల్వదని రాసిండ్రు బిడ్డా. తెల్వదన్నదాన్ని ఉన్నదని ఎట్ల సదివిండు?"

నాకు ఆమె మీదే అనుమానం వచ్చింది. బతుకంతా ఈ జబ్బు కోసం ఇంటింటికీ తిరిగిన మనిషి, తీరా ఆధారం దొరికాక ఎందుకు వెనక్కి లాగుతోంది? నా దగ్గర ఏం దాస్తోంది? కోపంతో అన్నాను. "నీకు రాలే కద అత్తా. నీకేం తెలుస్తది?"

ఆమె లేచి తలుపు పెట్టింది. నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట పెట్టుకుంది. అక్కడ పక్కటెముకలు తగిలాయి.

అంతకు తొమ్మిదేళ్ల కింద ట్రైనింగని చెప్పి ఆమె రెండు నెలలు మహారాష్ట్రకు పోవడం నాకు గుర్తుంది. అక్కడ ఒక ఆసుపత్రిలో తీయించుకుని వచ్చిందట. ఎవరికీ చెప్పలేదు.

"అందరి గడ్డలు అడిగిన. నాది చెప్పలే," అంది.

"ఎందుకత్తా?"

"అప్పుడు నీకు సంబంధాలు చూస్తుండ్రి."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, మళ్లీ కాగితం అందుకుంది. "గీ మార్పే దొంగైతే నా రక్తంల గూడ ఉండాలె. ముందు నాది చూడమను."

ఆపరేషన్ ఆపించి, అత్తనూ అమ్మనూ తీసుకుని ల్యాబుకు పోయాను. రక్తం తీసినమ్మాయి సీసా మీద పేరు రాస్తుంటే అత్త పక్కనే నిలబడి, రాసింది పైకి చదవమంది. నాకు సిగ్గేసింది.

ఫలితం వచ్చింది. జబ్బు వచ్చిన అత్తలో ఆ మార్పు లేదు. ఏ జబ్బూ లేని అమ్మలో ఉంది. అరవై దాటిన అమ్మకు గానీ, ఆమె తల్లికి గానీ, అక్కచెల్లెళ్లకు గానీ ఎప్పుడూ ఒక్క గడ్డ లేవలేదు. జబ్బు బాపు వైపు నుంచి వస్తోంది, ఈ అక్షరం అమ్మ వైపు నుంచి వచ్చింది అని ల్యాబు మేడం విడమరిచి చెప్పింది. ఒక్క ఇంటి సాక్ష్యంతో మార్పు మంచిదని తేల్చలేమని, కానీ ఈ కాగితం చూసి కత్తి పెట్టించుకోవద్దని అంది.

బయటికి వచ్చాక నేను నవ్వుతుంటే అత్త నవ్వలేదు. "అంటే అసలు దొంగ ఇంక దొరకలే. మనింట్లనే ఉన్నడు. నువ్వు యేటేటా చూపించుకోవాలె." ఆ తర్వాత ప్రతి ఏడూ నన్ను పరీక్షకు తనే వెంటబెట్టుకుని పోయింది.

మూడేళ్లకు ల్యాబు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అదే మార్పు జబ్బు లేని ఎంతోమందిలో కనబడిందని, ఇక దాన్ని హాని లేనిదిగా లెక్కిస్తున్నామని రాశారు. అప్పటికి నాకు కూతురు పుట్టి ఏడాది. బిడ్డనెత్తుకుని బోధన్ పోయి ఉత్తరం అత్తకు చూపించాను. చదివి, "రేపేమంటరో అడిగినవా?" అంది. తర్వాత బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుంది.

అందరినీ అన్ని ప్రశ్నలడిగిన మనిషి పోయినేడు తన నడుంనొప్పిని మాత్రం బస్సు కుదుపులని సరిపెట్టుకుంది. జబ్బు వెన్నులోకి పాకిందని తెలిసేసరికి ఆలస్యమైంది. "నన్ను నేను అడగలే," అని ఒక్కసారి అంది. అంతే.

ఉత్తరం చూపించిన ఆ రోజే నాకు ఇప్పుడు ఎక్కువ గుర్తొస్తోంది. చలికాలం, చెరుకు ఆడే రోజులు. రోడ్డుకు ఎదురుగా ఉన్న దండెం మీద, చీరల పక్కన, అత్త ఎడమ పక్క రవికలో పెట్టుకునే దూది మెత్త ఆరేసి ఉంది, అరచేతంత, తెల్లగా. పక్కింటామె గోడ మీంచి అదేందక్కా అని అడిగింది. అత్త దాచకుండా చెప్పింది. "నీకు గూడ గడ్డున్నదేమో చూస్తా, లోపలికి రా," అంది. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నా బిడ్డ ఆ మెత్తను అందుకోవాలని చేతులు చాపుతోంది. బయట చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.