కాళ్లు ముందా, తల ముందా

అక్క ఇంట్లో కంప్యూటర్ చెడిపోయినప్పుడు, దాంతోపాటు చీరల డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్ కూడా పోయింది. ధర్మవరంలో అక్క బొమ్మలు గీస్తుంది, బావ మగ్గం నేస్తాడు. మగ్గం పైన ఇదివరకు చిల్లులు పొడిచిన అట్టల దండ వేలాడేది. ఇప్పుడు దాని చోట ఒక చిన్న పెట్టె ఉంది. బొమ్మను పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ పెట్టెకు తగిలిస్తే, ఏ పోగు లేవాలో ఏది ఆగాలో అదే చూసుకుంటుంది. కాకపోతే ముందు ఆ బొమ్మను పెట్టెకు అర్థమయ్యే ఫైలుగా మార్చాలి. నేను హిందూపురంలో ఇంటి నుంచే ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తాను కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది.

వెతికితే ఉచితంగా దొరికే టూల్ ఒకటి కనిపించింది. దానికి నొక్కడానికి బటన్లు లేవు. నల్లటి తెర మీద మాటలు టైపు చేసి పని చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియకపోతే దాని పేరు పక్కన ‘హెల్ప్’ అని కొట్టాలి. అప్పుడు వాడకం వివరించే వాక్యాలు బారుగా వచ్చి పడతాయి.

ఆ శనివారం పొద్దున ధర్మవరం రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ తెరిచి ఆ వాక్యాలు చదివాను. ‘ఆర్డర్: వరుసను నిర్ణయిస్తుంది. నార్మల్: మామూలు వరుస. రివర్స్: మామూలు కాని వరుస. ఏమీ చెప్పకపోతే నార్మల్.’ ఇంగ్లీషులో ఉన్న ముక్క మొత్తం ఇంతే. మళ్లీ చదివాను. చదివిన కొద్దీ ఆ మాటలు అర్థం వదిలేసి ఉత్త చప్పుడుగా మిగిలాయి. బయట సన్నటి తుంపర. పెనుకొండ దగ్గర పడేసరికి కొండ సగం మబ్బులో కరిగిపోయింది. కోటగోడ రాళ్లు ఆకాశంలో నిలబడినట్టున్నాయి. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో తెలీదు. ఎవరో నా చెవి దగ్గర మెల్లగా, మామూలు వరుస, మామూలు కాని వరుస, అని లాలిపాటలా చెబుతూ ఉన్నారు. శనక్కాయలమ్మే ఆమె కేకకు మెలకువ వచ్చింది. రైలు కదిలింది. మామూలు అంటే మామూలే కదా అని లాప్‌టాప్ మూసేశాను.

అక్క ఒక కొత్త చీర కొంగుకు హంసల వరుస గీసి పెట్టింది. ఒక్కో హంస మెడ వెనక్కి తిప్పి తన రెక్కనే చూసుకుంటూ ఉంటుంది. కింద చిన్న అలలు. నేను ఆ బొమ్మను ఫైలుగా మార్చాను, టూల్‌కు వరుస గురించి ఏమీ చెప్పలేదు. బావ పెన్‌డ్రైవ్ పెట్టి, మగ్గం కింది గుంతలోకి కాళ్లు దించి కూర్చున్నాడు.

భోజనాలయ్యాక అక్కా నేనూ మగ్గం గదిలోనే చాప మీద పడుకున్నాం. పోగును మోస్తూ నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, ఆ పోగును బిగించడానికి అచ్చు వచ్చి కొట్టే చప్పుడు. వాటి మధ్య అక్క ఏదో చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను. ఉన్నట్టుండి మగ్గం ఆగింది. ఆ నిశ్శబ్దానికి ఇద్దరం ఒకేసారి లేచి కూర్చున్నాం.

“ఏమే, ఒకసారి ఈడికి రా,” అన్నాడు బావ అక్కతో. “మీ హంస తలకిందులుగా వస్తాండాది.”

వంగి చూశాం. నీళ్లలోకి మునుగుతున్నట్టు జరీ తలలు కిందికి వేలాడుతున్నాయి. అలలు రావలసిన చోట ముక్కులున్నాయి.

“ముక్కు వచ్చినప్పుడు ఆకు అనుకుంటి,” అన్నాడు బావ. “మెడ తిరిగినాక తెలిసె.”

లాప్‌టాప్ తెచ్చి ఆ వాక్యాలు అక్కకు తెలుగులో చదివి వినిపించాను. అక్క చివరిదాకా విని, “నార్మల్ అంటే ఎవురికి నార్మలు?” అంది.

“అది రాయలేదక్కా.”

“మేం నేసేది కింద నుంచి పైకి. కాళ్లు ముందు, తల తర్వాత. వాళ్లు బొమ్మను పై నుంచి కిందికి సదువుతాండారేమో, పుస్తకం మాదిరి.”

అదే జరిగింది. కోపం వస్తుందేమోనని అక్క ముఖం చూశాను. ఆమె అప్పటికే కత్తెర వెతుకుతోంది.

నేసింది జానెడు కూడా లేదు. అయినా విప్పడం నేసినంత సులభం కాదు. బావ టీ తాగడానికి వీధిలోకి వెళ్లాడు. అక్క అంచుల దగ్గర అడ్డంగా పోయే పేక పోగు తుంచి ఇస్తే, నేను నిలువునా ఉన్న పడుగు తెగకుండా దాన్ని లాగుతూ వచ్చాను. కిటికీలోంచి వాన వెలుతురు పడుతోంది. ఒక్కో పోగుకూ హంసలు కొంచెం కొంచెంగా కరిగాయి. మెడలు పోయాయి, కళ్లు పోయాయి, చివరికి తలపై తురాయిలు మిగిలాయి. “అయ్యో, బాగుండాయే,” అంది అక్క వాటిని చూసి, ఒక క్షణం కత్తెర ఆపి. తర్వాత అవి కూడా పోయాయి. మా ఒళ్లో జరీ పీచు మాత్రం మెరుస్తూ మిగిలింది. చిన్నప్పుడు కూడా మేమిద్దరం అంతసేపు అంత దగ్గరగా కూర్చుని ఒకే పని చేసిన గుర్తు లేదు.

సాయంత్రం ‘రివర్స్’ అని చెప్పి ఫైలు మళ్లీ మార్చాను. ఈసారి అలలు ముందొచ్చాయి. వాటి మీద రెండు కాళ్లు తేలేదాకా ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం.

ఆ టూల్ తయారు చేసిన మనిషి ఏ దేశంలో ఉంటాడో తెలీదు. హెల్ప్ చివర, తప్పులుంటే చెప్పండి అని ఒక చోటు చూపించాడు. మర్నాడు ఆదివారం అక్క పక్కన కూర్చుని చెబుతుంటే, నేను ఇంగ్లీషులో రాశాను: ‘నార్మల్ అంటే బొమ్మలోని పై వరుస ముందు వస్తుంది. మగ్గానికి కింది వరుస ముందు కావాలంటే రివర్స్ అని చెప్పాలి.’

“నేసేవాళ్లకి అని కూడా రాయి,” అంది అక్క. “బొమ్మలు కుట్టేవాళ్లకి వేరేగా ఉంటాదేమో, మనకేం తెలుసు.”

అదీ రాశాను.

కొన్నాళ్లకు జవాబొచ్చింది. ఆయన మగ్గాన్ని దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. మీ వాక్యం అలాగే పెడతాను, ఒక్క సందేహం, కింది వరుస అంటే నేసే మనిషి పొట్టకు దగ్గరగా ఉండేదేనా, అని అడిగాడు. ఫోన్ చేసి అక్కకు చదివి వినిపించాను. అవతల మగ్గం చప్పుడు మధ్య ఆమె గట్టిగా నవ్వింది.

“ఔనని చెప్పు. పొట్ట అనే మాట గూడా పెట్టమను. అప్పుడు ఎవురికైనా తెలుస్తాది.”