సీటు మీద బరువు

నర్సరీ పెద్దాయనకి తన చిన్న ట్రాక్టరంటే కొన్న రోజు నుంచీ అనుమానమే. రోజూ పొద్దున్నే పక్కన నిలబడి, ఇంజిన్ మీద ఓ చెవి వేసి, చెయ్యి చాచి తాళం తిప్పేవాడు. సీట్లో భార్య కూర్చుని బఠాణీలు వలుచుకునేది. "దిగవే, ఇక నేనెక్కాలి" అని కసిరితే గానీ కదిలేది కాదు. ఆమె పోయి నెలయింది. ఇవాళే మళ్లీ షెడ్డు తలుపు తీశాడు. ఎన్నిసార్లు తాళం తిప్పినా బండి ఉలకదు, పలకదు. డీజిల్ ఉంది. గేరు న్యూట్రల్లోనే ఉంది. బ్యాటరీ తీగలు తువ్వాలుతో తుడిచి బిగించాడు. ఫలితం లేక మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"సీట్లో కూర్చునే తిప్పుతున్నావా, బాబాయ్?"

"లేదురా. పక్కన నిలబడితేనే కదా ఇంజిన్ సంగతి తెలిసేది!"

"సీటు కింద స్విచ్ ఉంటుంది. బరువు పడకపోతే స్టార్ట్ అవదు. మరి ఇన్నేళ్లూ ఎవరు కూర్చున్నారు?"

"మీ పిన్ని" అని ఫోన్ పెట్టేశాడు.

తనే ఎక్కి కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఎరువు బస్తా మోసుకొచ్చి సీట్లో పెట్టి, ఎప్పటిలాగే పక్కన నిలబడి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజిన్ అందుకుంది. చాలాసేపు వింటూ నిలబడ్డాడు.

"దిగవే, ఇక నేనెక్కాలి" అన్నాడు. ఈసారి కసరలేదు.