గుంటల లోతు

మా వైపు ఆడపిల్లని గుంట అంటాం. మగపిల్లాడైతే గుంటడు. అది తిట్టూ కాదు, ముద్దూ కాదు, ఊరికే మాట. మా అమ్మ నన్ను ఆ మాటతోనే పిలిచింది. పాతపట్నం దగ్గర మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా ఉన్నన్నాళ్లూ నేనూ పిల్లల్ని ఆ మాటతోనే పిలిచాను. ఆ మాట వల్లే నాకు రావలసిన గది ఒకటి రాకుండా పోయింది. ఇది చదివి ఎవరికైనా జాలి కలిగితే కలగనివ్వండి, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

హాస్టల్లో చేరినప్పుడు పడుచుదాన్ని. పిల్లలు తగ్గిపోయారని దాన్ని మూసేసేటప్పటికి నా జుట్టు సగం తెల్లబడింది. పెళ్లి కాలేదా, చేసుకోలేదా అని అడిగేవాళ్లకి మనిషిని బట్టి ఒక జవాబు చెప్పేదాన్ని. ట్రంకు పెట్టె పట్టుకుని కొత్తవలసలో మా అన్న ఇంటికి వచ్చాను. ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకటి అన్నా వదినలది, రెండోది వాళ్ల కూతుళ్లిద్దరిది. నాకు వీధి వసారా ఇచ్చారు. వసారాకి తలుపు ఉండదు కదా. చీర మార్చుకోవాలంటే ఎవరో ఒకరి గది ఖాళీ అయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడాలి.

మా వదిన చెడ్డది కాదని అన్న అంటాడు. ఆయన కట్టుకున్న మనిషి కాబట్టి ఆయన అలాగే అనాలి. నేను స్నానానికి వెళ్లి కాస్త ఆలస్యం చేస్తే ఆవిడ వంటింట్లోంచి వీధికి వినపడేలా అడిగేది.

"ఇంకా అవ్వలేదేటమ్మా? పెల్లిసూపులకేటి ఎల్తన్నావు?"

కూతుళ్లిద్దరూ కిసుక్కున నవ్వేవారు. వాళ్ల తప్పేం లేదు, అమ్మ నవ్వమన్నప్పుడు నవ్వే వయసు.

విజయనగరం అవతల ఒక ప్రైవేటు ఆడపిల్లల కాలేజీ హాస్టల్‌కి వార్డెన్ కావాలని పేపర్లో పడింది. ఉండడానికి గది ఇస్తామని రాశారు. జీతం సంగతి కింద ఏదో ఉంది గానీ అంతదాకా నేను చదవలేదు. గది అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

అన్న కలప డిపోలో గుమాస్తా. ఇంటర్ రెండుసార్లు రాశాడు గనక ఇంట్లో ఇంగ్లీషు ఆయన చేతిలోనే ఉంటుంది. నేను తెల్లకాగితం మీద బయోడేటా రాసుకుంటుంటే లాక్కుని చూసి, మూతి వంకర పెట్టాడు.

"ఇలాగ రాస్తే సెత్తబుట్టలో ఎడతారే. ఇప్పుడంతా ఎఐతోటే రాయించాల. నువ్వక్కడ ఏటి సేసీదానివో సెప్పు. గట్టి గట్టి మాటలు అదే ఏరి ఎడతాది."

ఫోను నా నోటి దగ్గర పెట్టాడు. నాకు సిగ్గేసింది. నేను చేసిన పని గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గొంతు సవరించుకుని చెప్పాను.

"నాను మిషన్లో ఉండీదాన్ని. గుంటల్ని సూసుకునీదాన్ని. పెద్ద గుంటలు, సిన్న గుంటలు, అన్నీ నా సేతిమీదే. గుంటలకి నీల్లు పోసీదాన్ని. వానలొస్తే గుంటల దగ్గిరే కూకునీదాన్ని. నా సేతిలో ఒక్క గుంటా పాడైపోనేదు."

క్షణంలో ఇంగ్లీషు వచ్చేసింది. మా అన్న గట్టిగా చదివాడు. స్పియర్‌హెడెడ్ అట. మిషన్ మోడ్ అట. లార్జ్ అండ్ స్మాల్ వాటర్ బాడీస్ అట. చదువుతున్నకొద్దీ ఆయన గొంతులో నా మీద గౌరవం పెరిగింది, చెల్లెలు ఇంత గొప్పదని తెలియక వసారాలో పడుకోబెట్టినందుకు నొచ్చుకుంటున్నాడేమో అనుకున్నాను.

"వాటర్ బాడీస్ అంటే ఏటన్నా?" అని అడిగాను.

"ఆపాటి తెల్దేటే? వాటర్ అంటే నీల్లు. బాడీ అంటే ఒల్లు. గుంటలకి నీల్లు పోసీదానివి కాదేటి మరి?"

సరిపోయింది. లార్జ్ అంటే పెద్ద గుంటలు, స్మాల్ అంటే చిన్న గుంటలు. అదీ సరిపోయింది. స్పియర్ అంటే బల్లెం, బల్లెం పట్టుకుని ముందు నిలబడ్డట్టు రాసిందని అన్న చెప్తే, పొద్దున్నే బెత్తం పట్టుకుని పిల్లల్ని లేపేదాన్ని కదా, అదీ సరిపోయిందనుకున్నాను. ఏ ఒక్క మాటైనా సరిపోకుండా ఉంటే బతికిపోయేదాన్ని.

ఇంటర్వ్యూ రోజున పిలుపు కోసం కూర్చుని ఉంటే, అక్కడ పనిచేసే ఆవిడ వచ్చి వార్డెన్ గది చూపించింది. ఒక మంచం, గోడకి మేకులు, పెరటి వైపు కిటికీ. తలుపుకి లోపల వైపు ఇనప గడియ. నేను లోపలికి వెళ్లి, ఆవిడ బయట ఉండగానే గడియ వేసి చూశాను. బిగువుగా పడింది. తీసి మళ్లీ వేశాను. ఆవిడ బయట నుంచి "ఏటైందప్పా?" అని తలుపు కొట్టింది. నా ఇంటి తలుపు ఎవరో కొట్టినట్టే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ ఒక్క నిమిషం నేను చాలా సుఖపడ్డాను.

లోపల ఇద్దరున్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ కృష్ణా వైపు మనిషి, మాటలోనే తెలుస్తోంది. పక్కన కరస్పాండెంట్ గారు, కాలేజీ ఆయనదే. మడత నలగని చొక్కా, మడత నలగని తెలుగు. నా కాగితం చదివి ఆయన కళ్లజోడు తీశారు.

"నీటి వనరుల సంరక్షణలో మీకు చాలా అనుభవం ఉన్నట్టుంది. ఎంత లోతు ఉండేవమ్మా, ఆ చెరువులు?"

నాకేం అర్థం కాలేదు. చెరువులేమిటని అడిగాను. మేడమ్ కాగితం తిప్పి, చిన్నవీ పెద్దవీ చెరువులు నేను కాపాడినట్టు, ఒక్కటి కూడా పాడవకుండా చూసినట్టు ఉందని తెలుగులో చదివి చెప్పింది. అప్పుడు వెలిగింది నాకు. చెవుల దాకా వేడెక్కిపోయింది.

"చెరువులు కాదండి. గుంటలు. గుంటలంటే ఆడపిల్లలండి, మా వైపు."

మేడమ్ పాపం ఆపుకుందామని చూసింది. ఆగలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ ఊళ్లో గుంట అంటే నీళ్లు నిలిచే గొయ్యే. ఆ ఎఐకి కూడా ఆ గొయ్యే తెలుసు, మనం తెలియదు. కానీ కరస్పాండెంట్ గారు ముక్కు మీద వేలేసుకున్నారు.

"ఆడపిల్లని గుంట అంటారా? ఎక్కడి భాషమ్మా ఇది? నేను ఎన్నడూ వినలేదే."

మేడమ్ నవ్వు మళ్లీ మొదలైంది. ఆయన నాకు కొంచెంసేపు భాష గురించి చెప్పారు. ఇలాంటి మాటలు హాస్టల్లో వినపడితే పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరన్నారు. చివరికి మేడమే నా హాస్టల్ పని గురించి నాలుగు ప్రశ్నలు వేసి, జవాబులు విని తల ఊపింది. కాగితం సరిచేసి సోమవారం తెమ్మన్నారు. మాట కూడా సరిచేసుకుని రమ్మని ఆయన కలిపారు. అంటే గది నాదే. నేను దణ్ణం పెట్టి బయటికి వచ్చాను.

గేటు దగ్గర వాచ్‌మన్ పక్కన నిలబడి ఆటో కోసం చూస్తున్నాను. కరస్పాండెంట్ గారి కారు వచ్చి గేటు తీసేదాకా ఆగింది. అద్దం దించి ఉంది. ఫోను చెవి దగ్గర ఉంది.

"గుంటలు తిన్నారేటే? సిన్న గుంట ఏడస్తందేటి? పెద్ద గుంటకియ్యి ఫోను. అది సెప్తే వింటాది."

నేను విన్నాను. వాచ్‌మనూ విన్నాడు. సోమవారం దాకా నోరు మూసుకుంటే గడియ ఉన్న గది వస్తుందని నాకు తెలుసు, ఆ తెలివి నాకు పూర్తిగా ఉంది. అయినా రెండడుగులు ముందుకు వేసి కారు కిటికీ దగ్గర వంగాను.

"ఎంత లోతు సార్?"

ఆయన ఫోను దించి నా వైపు చూశారు.

"మీ గుంటలు సార్. ఎంత లోతు?"

వాచ్‌మన్ పకపకా నవ్వేశాడు. ఆ నవ్వు లేకపోతే ఏమైనా మిగిలేదేమో, తెలియదు. కరస్పాండెంట్ గారి మొహం మాడిపోయింది. ఆయన అద్దం పైకి లేపుకున్నారు. ఫోనులోంచి ఆ పెద్ద గుంట "నానా, నానా" అంటున్న గొంతు అద్దం మూసుకునేదాకా వినపడింది. నాకు పట్టలేని సంతోషం కలిగింది. ఆటోలో కూర్చున్నాక కూడా నవ్వుకున్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి కొత్తవలస బస్సు ఎక్కేటప్పటికి ఆ సంతోషం అయిపోయింది, ఇంకేం మిగల్లేదు.

ఇంటికొచ్చి ఎఐకి జరిగింది చెప్పాను. ఈసారి నోటితో కాదు, అక్షరం అక్షరం కొట్టి. గుంటలంటే ఆడపిల్లలని రాశాను. వెంటనే జవాబిచ్చింది. మీ ప్రాంతపు మాటని పొరపాటుగా అర్థం చేసుకున్నాను, క్షమించండి అంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు క్షమాపణ చెప్పింది అదొక్కటే. బయోడేటా మళ్లీ రాసిచ్చింది. పిల్లల ఆరోగ్యం, భద్రత, క్రమశిక్షణ, అన్నీ గట్టి మాటలే, అన్నీ నిజాలే. పోయిన గది కోసం అంత మంచి కాగితం తయారైంది.

సిగ్గు విడిచి సోమవారం వెళ్లాను. గేటు తియ్యలేదు. ఆ రోజు నవ్విన వాచ్‌మనే, ఈసారి నా కళ్లలోకి చూడకుండా చెప్పాడు.

"నీకు మాత్రం తియ్యొద్దని మరీ మరీ సెప్పినారప్పా. నానేటి సేస్తాను?"

ఇంట్లో చెప్పక తప్పలేదు. వదిన మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంది, లోతు దగ్గర రెండోసారి చెప్పించుకుంది. కడుపు పట్టుకుని నవ్వి, పక్కింటావిడని గోడ మీంచి పిలిచి తను కూడా చెప్పింది. తర్వాత పర్సు చంకలో పెట్టుకుని సంతకి బయల్దేరుతూ, వసారాలో నా ట్రంకు పెట్టె దాటుకుంటూ వెళ్లింది.

"పోన్లే అమ్మా, ఆ గుంటలు పోతే పోనారు. మన గుంటలకి అన్నం ఎట్టీసి, నీల్లు పోసీసి, జడలెయ్యి. ఎలాగూ నీకదే కదా వచ్చిన పని."

ఆ మాట నాకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేకపోయింది.